ఆగిపోయిన గజ్జెలు

దేవకృప టీచరమ్మ గారికి, బోయిన్‌పల్లి నుంచి ఏస్తేరు మేనమామ వందనాలు.

చర్చిలో మీ ఆయన బూట్లకు గజ్జెలు కట్టింది నేనే. మీరు తిట్టిన తిట్లు నాకు చేరాయి. అది వేరే సంగతి.

మా ఏస్తేరుకు చూపు లేదని సండే స్కూలు పిల్లలందరికీ ఒక ఆట నేర్పాను. దొంగకు కళ్లకు గంతలు, మిగతావాళ్ల కాళ్లకు గజ్జెలు. చప్పుడును బట్టి పట్టుకోవాలి. మా పిల్ల పడింది, మోకాళ్లు పగలగొట్టుకుంది, ఓడిపోయి అందరితో కొట్లాడింది. అంత సంతోషంగా దాన్ని నేనెప్పుడూ చూడలేదు.

పోయిన ఆదివారం మీరు పిల్లలను పక్కకు పిలిచి, "పాపం, ఆ పిల్ల దొంగైనప్పుడు కదలకుండా నిలబడండి" అన్నారట. నిలబడ్డారు. అందరినీ పట్టేసింది. మీరు పెన్సిళ్ల డబ్బా బహుమతి ఇచ్చారు.

ఇంటికొచ్చి ఆ డబ్బాను మంచం కిందికి విసిరింది.

"గజ్జెలు ఒక్కసారి మోగి ఆగిపోతున్నయి మామా. ఎవ్వరు ఉరుకుతలేరు. నాకు కండ్లు లేవు గని చెవులున్నయి కద. ఇగ నేను పోను" అంది.

అప్పటినుంచి గడప దాటడం లేదు. నా వేళాకోళాలేవీ దాని దగ్గర పనిచేయడం లేదు. మీ మనసు మంచిదే టీచరమ్మా, ఆటలో మాత్రం వేలు పెట్టకండి. పిల్లలను ఉరకమని చెప్పండి.

ఈ ఆదివారం వస్తావా అని నిన్న అడిగాను. మెల్లగా, "నేను ఓడిపోతే టీచరమ్మకు బాధైతద మామా?" అంది.

ఆ జవాబేదో మీరే ఒకసారి వచ్చి దానికి చెప్పిపోండి.

ఇట్లు,
ఏస్తేరు మామ