గిన్నెలో పన్నెండు గుండీలు

ఏమండీ, టైలర్ షాపులో పనికి వెళ్తున్నా. ముందు ఇన్‌హేలర్ పీల్చండి, తర్వాతే నడక. పదకొండింటికి ఫిజియో అమ్మాయి వస్తుంది, ఈలోపు కడుపు నిండా తినకండి. ఆ అమ్మాయి పక్కటెముకల మీద చేతులు వేసి నొక్కుతుంటే ఊపిరి బిగబట్టి వీరుడిలా కూర్చోవద్దు. బస్సులో విజిల్ ఊదినట్టు కాదు, వేడి కాఫీ ఊదుకున్నట్టు మెల్లగా వదలండి.

గిన్నెలో పన్నెండు గుండీలు పెట్టాను. హాల్లో ఒక రౌండు తిరిగితే ఒక్క గుండీయే తీసి పక్కన పెట్టాలి. మీరు రెండేసి తీస్తున్నారని నాకు తెలుసు. ఇన్నేళ్లు కండక్టరుగా టికెట్ లేనివాళ్లని పట్టుకుని, ఇప్పుడు మీరే దొంగ లెక్కలా?

నిన్న ఎవరి చొక్కాకో ఈ గిన్నెలోంచి రెండు గుండీలు తీసుకున్నానని, నడుస్తూనే ఎన్ని మాటలన్నారు! "వాడి చొక్కా ఎక్కువా, నా ఊపిరి ఎక్కువా?" అని కూడా అన్నారు. వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. అది చూసి మీరు అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఇది చెప్పకుండా వెళ్లలేను. ఏడ్చింది తిట్టారని కాదండీ. పోయిన నెల "మంచినీళ్లు" అనడానికే మధ్యలో రెండుసార్లు ఆగేవారు. నిన్న ఆ గోడ నుంచి ఈ గోడ దాకా ఒక్కసారీ ఆగకుండా తిట్టారు.