నలభై రోజుల సెలవు

ఫహాహీల్, సెప్టెంబరు

ప్రియమైన నా దుర్గకి,

ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. నువ్వు స్పీకరు పెడితే మీ అత్తవారి హాలంతా వింటుంది. అందుకే కాగితం. మన ఊరి దొరబాబు సెలవు మీద వస్తుంటే అతని చేతికిచ్చాను.

నాకు యూనివర్సిటీలో సీటొచ్చిందే! నవ్వకు. పరదేశం ఆడవాళ్ళకి సాయంత్రం పూట అరబీ చదవడం, రాయడం నేర్పుతారట. ఏడాది చదువు, పదో తరగతి పాసైతే చాలు. ఇన్నేళ్ళూ ఈ అరబ్బు దేశంలో ఇళ్ళల్లో పనిమనిషిగా, ఇప్పుడీ నర్సరీ స్కూల్లో ఆయాగా, ఈ భాష గడగడా మాట్లాడుతూనే ఉన్నాను. ఒక్క అక్షరం చదవలేను. ఇక్కడ ఉండనిచ్చే నా ఇఖామా కార్డు మీద అరబీలో ఏం రాశారో ఇంకొకళ్ళు చెప్పాలి. ఛీ, ఏం బతుకు!

నా గదిలో ఉండే కడప జమీలా బీ కూడా చేరింది. ఆవిడ చిన్నప్పుడే ఖురాన్ చదవడం నేర్చుకుంది. అక్షరాలు చదువుతుంది, అర్థం తెలీదు. నాకు అర్థం తెలుసు, అక్షరం తెలీదు. బస్సులో ఆవిడ బోర్డులు చదువుతుంటే నేను అర్థం చెబుతాను. "మనిద్దరం కలిస్తే సదువుకున్న మనిషి ఒకామె అయితాది" అంటుంది.

జీతం పెరుగుతుందా అని అడక్కు. పెరగదు. నాకు చదువుకోవాలనుంది, అంతే.

వేవిళ్ళు తగ్గాయా? పులుపు ఎక్కువ తినకు.

ముద్దులతో,
యూనివర్సిటీకి వెళ్ళే మీ అమ్మ

---

మలికిపురం, అక్టోబరు

ప్రియమైన అమ్మకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది, రెండోసారి ఒళ్ళు మండింది.

డాక్టరమ్మ ఫిబ్రవరి అంది. తొలి కాన్పు తల్లి చేతుల మీద జరగాలి. నాన్న పోయాక నాకు పుట్టిల్లంటే నువ్వే కదా! మా అత్తగారు, "ఏమ్మా, మీ అమ్మ ఈ వయసులో పలక పట్టుకుని తిరుగుతుందా? వచ్చేసి మనవణ్ణి చూసుకోమను" అన్నారు. నాకు నోట మాట రాలేదు.

నువ్వు పనిచేసిన ఇంట్లో ముగ్గురు కూతుళ్ళకి పురుళ్ళు పోశావు. వాళ్ళల్లో కూడా కాన్పయ్యాక కూతురు నలభై రోజులు తల్లి దగ్గరే ఉంటుందనీ, జావ కాచి తాగించింది నువ్వేననీ ఎంత గొప్పగా చెప్పావు! వాళ్ళకి చేసి నాకు చేయవా? నన్ను నాలుగేళ్ళప్పుడు అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్ళావు. ఇప్పుడైనా నా వంతు నాకియ్యి.

సీటూ గీటూ వదిలేసి వచ్చెయ్. ఈసారి ఉండిపోవడానికి రా.

నీ కోసం చూస్తూ,
దుర్గ

---

ఫహాహీల్, నవంబరు

ప్రియమైన నా కోపిష్టి పిల్లకి,

నువ్వడిగిన దాంట్లో సగం న్యాయం. ఆ సగం చేస్తాను, మిగతా సగం చేయను.

నీ పురుడు నేనే పోస్తాను. నలభై రోజులూ నీ దగ్గరే. కానీ సీటు వదలను. మీ అత్తగారి 'ఈ వయసులో' అన్న మాట ఆవిడకే తిరిగిచ్చెయ్. ఇది తే, అది కడుగు, యల్లా యల్లా, తొందరగా అని ఆ ఇళ్ళవాళ్ళు తరిమినప్పుడు నా వయసు ఎవరికీ అడ్డం రాలేదు. చదువనేసరికి అడ్డమొచ్చిందా? నిన్ను వదిలి వచ్చినందుకు ఏడ్చినన్నాళ్ళు ఏడ్చాను. ఇక ఏడవను, నిన్నూ ఏడిపించను.

చిక్కల్లా ఒకటే. రెండు వారాలకి మించి మానేస్తే పేరు కొట్టేస్తారట. వెళ్ళి అడుగుతాను. అడక్కుండా మాత్రం వదలను.

పట్టుదలతో,
మీ అమ్మ

---

మలికిపురం, డిసెంబరు

అమ్మా,

సగాల బేరాలు నాతో వద్దు. ఉండిపోయేటట్టయితే రా. లేకపోతే రావద్దు.

దుర్గ

---

ఫహాహీల్, జనవరి

ప్రియమైన దుర్గకి,

నువ్వు రావద్దన్నా వస్తున్నాను. విను.

జమీలా బీని వెంటేసుకుని యూనివర్సిటీ ఆఫీసుకి వెళ్ళాను. కౌంటర్లో ఓ పడుచుపిల్ల ఉంది. అంత సెలవు కుదరదంది. "నీకు పిల్లలున్నారా తల్లీ?" అని అరబీలో అడిగాను. ఒక బాబంది. "వాడు పుట్టాక నలభై రోజులు ఎక్కడున్నావు?" "మా అమ్మ దగ్గర" అంది. "మరి నా కూతురు ఎవరి దగ్గర ఉండాలి?" అన్నాను.

లోపలికెళ్ళి వచ్చి, వాళ్ళ ఆఫీసరు పెద్దావిడ ఒప్పుకోలేదంది. నేను కుర్చీలో బైఠాయించాను. "ఆవిడే వచ్చి నాతో చెప్పాలి" అన్నాను. "నేనూ లెయ్య" అని జమీలా బీ పక్కన కూర్చుంది. ఆఫీసు మూసే వేళకి పెద్దావిడ బయటికొచ్చింది. నేను మళ్ళీ మొదట్నుంచీ చెప్పాను. విని విని ఫక్కున నవ్వింది. "నువ్వు అచ్చం మా అమ్మమ్మలా మాట్లాడుతున్నావు" అంది. నలభై రోజులు ఇచ్చింది. ఒక్క రోజు దాటినా పేరు కొట్టేస్తానంది, వచ్చాక పరీక్ష రాయాలంది. స్కూల్లో సెలవు ముందే దొరికింది.

నువ్వు తలుపు తీయకపోతే మీ అరుగు మీద కూర్చుంటాను. కూర్చోవడం నాకిప్పుడు బాగా వచ్చు.

టిక్కెట్టు కొనేసిన
మీ అమ్మ

---

మలికిపురం, ఏప్రిల్

ప్రియమైన అమ్మకి,

క్షేమంగా చేరావని ఫోన్లో చెప్పావు. ఫోన్లో నేను చెప్పలేనివి రాస్తున్నాను.

నువ్వొచ్చినప్పుడు నా మనసులో పంతం అలాగే ఉంది. పాపకి నీళ్ళు పోసి, నాకు పథ్యం పెట్టి, అది పడుకోగానే నువ్వు జమీలా బీ ఫోన్లో పంపిన పాఠాలు వింటూ కుడి నుంచి ఎడమకి అక్షరాలు దిద్దుకునేదానివి. తప్పు రాస్తే నీలో నువ్వే నవ్వుకునేదానివి. అమ్మా, నీకు అలాంటి నవ్వుందని నాకు తెలీదు. నా మీద నాకే సిగ్గేసింది.

ప్రయాణానికి ముందు రోజు నువ్వు పాపని ఒళ్ళోంచి దింపలేదు. "పోనీ, ఉండిపోనా దుర్గా?" అన్నావు. నెలల తరబడి నేను వినాలనుకున్న మాట! విన్నాక భయమేసింది. నేను అవునంటే నువ్వు నిజంగానే ఉండిపోతావు. అందుకే నీ మీద అరిచాను. నీ పెట్టె నేనే సర్దాను. కారు మలుపు తిరిగాక పాపని పట్టుకుని భోరుమని ఏడ్చాను.

సాయంత్రం మా అత్తగారూ ఇరుగుపొరుగూ చేరారు. "ఆయ్, ఇంత చంటిదాన్నొదిలేసి మీ అమ్మ ఎలా వెళ్ళిందమ్మా?" అని అందరూ నన్నే అడిగారు. ఈసారి నాకు నోట మాట వచ్చింది.

"మా అమ్మకి కాలేజీ ఉందండీ" అన్నాను.

నిన్ను గెంటేసిన
నీ కూతురు దుర్గ