బదనికలో గూడు

కూనాంబుల్, నవంబరు

ప్రియమైన మెర్వ్,

నవంబరు వచ్చింది కదా, మన వేసవి మొదలై ఎండ ముదిరింది. మధ్యాహ్నమైతే పొలాలన్నీ నీళ్లలో తేలుతున్నట్టు కనిపిస్తాయి. మన ఇంటి వెనక కంచె దగ్గర తుమ్మచెట్టుకు పట్టిన బదనికలో తేనెపిట్టల జంట గూడు కట్టింది. ముక్కు గులాబీ రంగు, రెక్క అంచు పసుపు. గూడు ఎంత పలచనంటే, కింద నిలబడితే గుడ్లు కనిపిస్తాయి. రోజూ కెమెరా పట్టుకుని అక్కడే కూర్చుంటున్నాను. వాటి పాట వింటూ ఉంటే నిద్రో మెలకువో తెలియడం లేదు. నువ్వు పిల్బరా గనిలో పనికి వెళ్లాక ఇంట్లో ఇంత సందడి ఎప్పుడూ లేదు.

నీ నెరిడా

పిల్బరా

ప్రియమైన నెరీ,

పిట్టల సంగతి సరే, ఆ బదనిక చెట్టును పీల్చి చంపేస్తోంది. శనివారం వచ్చి కోసెయ్యమని పక్క పొలం క్లారీకి రాశాను. అడ్డుపడకు. ఇక్కడ ఎర్రదుమ్ము తిని, పక్కవాడి గురక విని బతుకుతున్నాను.

నీ మెర్వ్

కూనాంబుల్, డిసెంబరు

మెర్వ్,

ఈసారి 'ప్రియమైన' లేదు, కోపంగా ఉన్నాను. క్లారీ రంపంతో వచ్చాడు. నేను చెట్టు కింద కుర్చీ వేసుకుని కదల్లేదు. "ఏమ్మా, మీ మొగుడూ పెళ్లాల మధ్య నన్నెందుకు ఇరికిస్తారు?" అని విసుక్కున్నాడు. ఒక్కసారి కెమెరాలోంచి చూడమన్నాను. తల్లి బదనిక పండు తెచ్చి పిల్ల నోట్లో పెడుతోంది. చాలాసేపు అలాగే వంగి చూశాడు. తర్వాత రంపం బండిలో పడేసి టీ పెట్టమన్నాడు. టీ తాగుతూ ఇంకో మాట కూడా చెప్పాడు. అది నీ నోటితోనే వినాలని ఉంది. ఫొటో పంపుతున్నాను.

నెరిడా

పిల్బరా

ప్రియమైన నెరీ,

దొరికిపోయాను. ఇల్లు అమ్మకానికి పెట్టాలనుకున్నాను. చూడ్డానికి వచ్చేవాళ్లకు చెట్టు శుభ్రంగా కనపడాలని బదనిక కోయించబోయాను. ఇక్కడ జంటలకు కంపెనీ ఇళ్లు ఇస్తోంది. ఆ ఇల్లు నీకు ప్రాణమని తెలిసి, అడగడానికి భయపడ్డాను. ఫొటో మంచం పక్కన అంటించుకున్నాను. ఇల్లు అమ్మనులే. ఒంటరిగా ఉండటం నాకే అలవాటవుతుంది.

నీ మెర్వ్

కూనాంబుల్, జనవరి

ప్రియమైన మెర్వ్,

పిల్లలు ఎగిరిపోయాయి. పండ్లు అయిపోగానే పెద్దవీ వెళ్లిపోయాయి. పొద్దున్న ఖాళీ గూటికి ఫొటోలు తీస్తుంటే నాకే నవ్వొచ్చింది. ఈ ఇల్లు నాకు ప్రాణమని నీకెవరు చెప్పారు? తిరిగొస్తే ఇక్కడికే వస్తావని కదా ఇన్నాళ్లూ కాపలా కాశాను. మన పొలంతో పాటు ఇల్లు కూడా క్లారీ కొంటానంటున్నాడు. బదనిక జోలికి వెళ్లనని మాటిచ్చాడు. నువ్వెలాగూ అడగవు కాబట్టి నేనే అడుగుతున్నాను. నన్ను తీసుకుపోవడానికి ఎప్పుడొస్తావు?

నీ నెరిడా