రిపోర్టులో ఏమీ లేదు

1949 జనవరి 17, సోమవారం

మిర్యాలగూడ డాక్టరమ్మ ఈ డైరీ రాయమంది. ఏం తిన్నానో, ఎన్నిసార్లు వెళ్లానో, అప్పుడు మనసులో ఏముందో రాయాలట. మొదటి రెండూ సరే, మూడోది ఎందుకని అడిగాను. నీ భయం నీకన్నా ముందు నీ పేగుకే తెలుస్తుందయ్యా అంది.

మూడేళ్లుగా ఇదే గోల. మూడు రోజులు మెలిపెట్టి పారుతుంది, రెండు రోజులు బిగుసుకుపోతుంది. వాము నమిలాను, దానిమ్మ తొక్క కషాయం తాగాను, పాస్టరు గారితో ప్రార్థన చేయించుకున్నాను. ఈమె మైక్రోస్కోపులో చూసింది. పురుగుల్లేవు, అమీబా లేదు, పుండు లేదు. కాగితం మీద ఏమీ లేదని రాసి సంతకం పెట్టింది. నొప్పి మాత్రం నిజమే, ప్రాణానికి ఢోకా లేదు, దీనితో బతకడం నేర్చుకో అంది.

ఏమీ లేనిదానితో ఎలా బతకాలో చెప్పలేదు. తిరుగు ప్రయాణంలో బస్సు డ్రైవరు నాకోసం రెండుసార్లు ఆపాడు. మూడోసారి తిట్టి ఆపాడు.

జనవరి 20

జొన్న గటక, పలుచటి మజ్జిగ. నాలుగుసార్లు. మనసులో: బడి ఇన్‌స్పెక్షన్.

జనవరి 24

మా మిషన్ బడిలో సగం మిలిటరీ క్యాంపుకు ఇచ్చేశారు. మూడో తరగతికి పాఠం వరండాలో చెబుతున్నాను. పొద్దు పొడవకముందు ఎవరూ ఊరు దాటొద్దని నిన్న దండోరా వేయించారు. గుట్టల్లో ఉన్న కమ్యూనిస్టు దళాలకు ఊళ్లోవాళ్లు అన్నం, చీటీలు మోస్తున్నారట. దండోరా నా పేగు వింటుందా? రోజూ అయిదింటికల్లా లేపుతుంది.

ఊరవతల చేలో మంగయ్య గొర్లమంద ఉంటుంది. చెంబుతో నేను పడే పరుగు రోజూ చూస్తూనే ఉన్నాడు. ఈరోజు పిలిచి కూర్చోబెట్టాడు. గొర్లు గూడ గంతే పంతులూ, తోడేలు వాసనొస్తె మందంత పారుకుంటది, రోగం గాదది, బెదురు అన్నాడు. డాక్టరమ్మ అరగంట చెప్పిన సంగతి ఇతను గొంగడి సర్దుకుంటూ చెప్పేశాడు. ఈ జబ్బు గురించి మాట్లాడుతూ నవ్వడం నాకిదే మొదటిసారి. ఒక్కరికైనా తెలిసినందుకు ఎంత హాయిగా ఉందో.

ఫిబ్రవరి 2

పట్టుకున్నారు. చెంబుతో సహా.

ఫిబ్రవరి 3

నిన్న అంతకుమించి రాయలేకపోయాను. గట్టు దిగుతుంటే మిలిటరీవాళ్లు ముఖం మీద టార్చి వేశారు. నా పిల్లలు కూర్చునే బెంచీ మీదే నన్ను కూర్చోబెట్టి ఆఫీసరు ఉర్దూలో అడిగాడు, రోజూ చీకట్లో చీటీలు ఎవరికిస్తున్నావని. జబ్బు సర్ అన్నాను. రుజువేదీ అన్నాడు. నా భార్య జానమ్మ ఇంటికి పరిగెత్తి రిపోర్టు తెచ్చింది. చదివించుకుని నవ్వాడు. ఏమీ లేదని డాక్టరే రాసింది కదా, ఇక సూర్యాపేట జైలుకు నడువు అన్నాడు. అక్కడికి వెళ్లిన మా ఊరివాళ్లిద్దరు ఇంకా తిరిగి రాలేదు.

మంగయ్యను అడగండి సర్, రోజూ ఆ వేళకు అక్కడే ఉంటాడు, నన్ను చూస్తాడు అన్నాను. ఆఫీసరు రాయడం ఆపి తలెత్తాడు. రోజూ ఆ వేళకు అక్కడే ఉంటాడా అని మళ్లీ అడిగాడు. అవునన్నాను. పేరు రాసుకుని నన్ను పొమ్మన్నాడు.

ఇంటికొచ్చి కడుపు నిండా తిన్నాను. సిగ్గులేకుండా మారు కూడా పెట్టించుకున్నాను. చెయ్యి కడుక్కుంటుంటే మంగయ్యను తీసుకుపోతున్నారని కేక వినబడింది.

ఫిబ్రవరి 4

ఏమీ తినలేదు. ఎనిమిదిసార్లు. మనసులో ఏముందో రాయను.

నువ్వు సూసిందే సెప్పినవు, అండ్ల నీ తప్పేముంది అంటోంది జానమ్మ. ఆమె మీద అరిచాను.

ఫిబ్రవరి 5, ఉదయం 10

క్యాంపుకు వెళ్లాను. లారీ సిద్ధంగా ఉంది. వెనక మంగయ్య కూర్చున్నాడు. కింద అతని భార్య వీరమ్మ నిలబడి ఉంది. ఆఫీసరుతో మాట్లాడాలన్నాను, ఆగమన్నారు. గొర్లకాపరి గొర్ల దగ్గర కాక ఇంకెక్కడుంటాడు సర్. ఈ ఒక్క మాట ఉర్దూలో పదిసార్లు మననం చేసుకున్నాను. లోపలి నుంచి మాస్టర్ అని పిలిచారు.

సరిగ్గా అప్పుడే మెలిపెట్టింది. బడి వెనక్కి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి లారీ లేదు. నేను పరిగెత్తడం మంగయ్య చూశాడు.

అది జబ్బా, పిరికితనమా? నిజంగా నాకు తెలియదు. ఏ మైక్రోస్కోపులోనూ అది కనబడదు.

కోదాడలో పై ఆఫీసరు ఉన్నాడట. సోమవారం వెళ్లి చెబుతానని జానమ్మతో అన్నాను. బస్సులో గంటంబావు. మధ్యలో ఎన్నిసార్లు ఆపాలో.

ఫిబ్రవరి 7

కోదాడ బస్సు వచ్చింది. వెళ్లిపోయింది.

ఫిబ్రవరి 9

తెల్లవారాక చేలోకి వెళ్లాను. మంద వెంట వీరమ్మ ఉంది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. కడుపునొప్పి జర తగ్గిందా పంతులూ, లారీ ఎక్కినంక మా ఆయన నిన్ను అడిగి రమ్మన్నడు అంది.

కోదాడ బస్సులో కూర్చుని రాస్తున్నాను. మెలిపెడుతోంది. పెట్టనీ.