బోర్డు మీద వీధి పేరు

అమ్మడూ,

నాన్న దీవెనలు. నేనూ మీ అమ్మా బాగున్నాం, మన పేపర్ల కొట్టు బాగుంది, నువ్వు అడిగావు గనక నా మోకాళ్ళు కూడా బాగున్నాయి. నువ్వూ వేళకి తింటున్నావని నమ్ముతున్నాను. ఇక అసలు సంగతి చెప్పకపోతే చెయ్యి ఆగేట్టు లేదు. నువ్వు మీ పేపర్లో రాసిన వార్త పని చేసిందే! ఇక్కడ, మన కొట్టు ముందు, నా కళ్ళెదురుగా పని చేసింది!

ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. ఫోన్లో నువ్వు మాటకి మాట అడ్డం పడతావు. ఈ ఉత్తరంలో ఆఖరున ఒక మాట ఉంది, దాన్ని అడ్డం పడకుండా వినాలి. అందుకే ఒత్తులూ దీర్ఘాలూ వెతుక్కుంటూ మూడు రోజులుగా రాస్తున్నాను. నా మూడో తరగతి చదువుకి ఇదే ఎక్కువ.

నీ వార్త పడిన రోజు కొట్టు ముందు బోర్డు మీద ఏం రాశానని అడిగావు. నిజం చెప్తాను. ముందు నీది రాయలేదు. అదే సంగతి పక్క పేపరు వాడు 'కూర మాడ్చిందని భార్యను చావగొట్టిన భర్త' అని వేశాడు, పెళ్ళి ఫోటోతో సహా. నీదాన్లో కూర లేదు, ఫోటో లేదు. వాడు ఏం చేశాడో ఉంది, మూడేళ్ళుగా ఆ అరుపులు విన్న ఇరుగుపొరుగు ఏం చెయ్యలేదో ఉంది, కింద ఒక గడిలో సాయం అడిగే నెంబరు ఉంది. ఉప్పూ కారం లేదని మీ ఆఫీసులో అన్నారని రాశావే, నేనూ అదే అనుకున్నాను. నలభై ఏళ్ళుగా సుద్దముక్కతో ఘాటైన వార్త రాసి, దారిన పోయేవాణ్ణి కొట్టు ముందు నిలబెట్టినవాణ్ణి. ఎవరికేం కావాలో నాకు తెలియదా? కూర వార్తే రాశాను, ఇంతింత అక్షరాలతో.

టీ తెచ్చిన మీ అమ్మ బోర్డు చూసి అక్కడే ఆగిపోయింది.

"ఏమయ్యా, కూర మాడితే కొట్టొచ్చని ఎవరు చెప్పారు నీకు?"

"నేనెక్కడన్నానే? పేపర్లో ఉంది."

"అది ఆ కొట్టినవాడు చెప్పుకున్న సాకు. వాడి మాట నీ చేత్తో ఎందుకు రాస్తావు? వాడి దగ్గరేమైనా జీతానికున్నావా?"

నాకు రోషం వచ్చింది. "నీకేం తెలుసు పేపర్ల సంగతి?" అన్నాను.

"నా కూతురికి తెలుసులే" అని నా టీ గ్లాసు తనే తాగేసి వెళ్ళిపోయింది.

చెడ్డ కోపంతో బోర్డు తుడిచేశాను. కోపంతోనే నీ గడిలోని నెంబరు బోర్డు నిండా రాశాను. పైన 'ఇంట్లో దెబ్బలు తింటున్నారా? ఇక్కడికి ఫోన్ చెయ్యండి' అని నీ మాటే పెట్టాను. ఆ పూట ఒక్కడైనా ఆగితే ఒట్టు!

ఒకామె ఆగింది. ఎదురు కొట్లో కుట్టుమిషను అమ్మాయి. ఎండాకాలంలోనూ మణికట్టు దాకా చేతులున్న జాకెట్టే వేసుకుంటుందని నువ్వే ఒకసారి అన్నావు, నేనేమో ఫ్యాషనేమో అన్నాను. ఒళ్ళో ఎవరిదో కత్తిరించిన గుడ్డ ఉంది. చుట్టూ చూసి, కొలతలు గీసే సుద్దతో గుడ్డ లోపలివైపు ఆ అంకెలు గీసుకుంది. ఎవరు చూసినా నడుం కొలతే అనుకుంటారు. ఏం తెలివే అది! నేను పేపరు అడ్డం పెట్టుకుని చూడనట్టు కూర్చున్నాను.

నాలుగో రోజు పదిగంటలకి ఒక కారు వచ్చింది. ఇద్దరు ఆడవాళ్ళు దిగారు. మిషను అమ్మాయి ఒక సంచీ, తన పాపని పట్టుకుని ఎక్కింది. వెళ్తూ నా బోర్డు వైపు చూసింది. నేను లేచి నిలబడ్డానే అమ్మడూ, ఎందుకో నాకే తెలియదు.

మధ్యాహ్నం ఆమె మొగుడొచ్చాడు. "పెద్దాయనా, మా ఆవిడ ఎటెళ్ళింది? పొద్దుట్నుంచీ ఇక్కడే ఉంటావుగా?"

"నాకు చూపు ఆనదురా అబ్బాయ్. ఎదురుగా నువ్వున్నావో స్తంభం ఉందో కూడా తెలియట్లేదు" అన్నాను.

కళ్ళజోడు లేకుండా పేపరు చదువుతానని ఊరంతా డబ్బా కొట్టుకునే మీ నాన్న!

ఇక నీ మూడో ప్రశ్న. మీ డ్రాయింగ్ టీచరు ఎక్కడుందో తెలుసుకుని చెప్పమన్నావు, నీ వార్త ఆవిడకి పంపాలని. నీ చిన్నప్పుడు ఆవిడకి బదిలీ అయిందని చెప్పాను. అబద్ధం.

ఆవిడ మొగుడి దెబ్బలు పడలేక ఇల్లు వదిలి స్నేహితురాలింట్లో దాక్కుంది. పేపర్లో కొట్టిన సంగతి వచ్చింది గానీ, ఎక్కడుందో రాయలేదు. నాకు తెలుసు, ఆ ఇంటికి పేపరు వేసేది నేనే. పేపరు కన్నా నా బోర్డు గొప్పదని చూపించాలని 'పాలకేంద్రం వెనక వీధిలోనే ఉంది' అని చివర కలిపాను. జనం ఎగబడ్డారు. ఆ జనంలో ఆవిడ మొగుడూ నిలబడి చదివాడు. తెల్లచొక్కా. నాకు ఇప్పటికీ కనిపిస్తాడు.

ఆవిడ ప్రాణం దక్కింది. కుడిచెయ్యి మళ్ళీ పని చెయ్యలేదు. బొమ్మలేసే చెయ్యి. మీ అమ్మకీ చెప్పలేదు ఈ సంగతి, ఈ ఉత్తరం ముందు తనకి చదివి వినిపించాకే పోస్టు డబ్బాలో వేస్తాను.

ఆవిడ ఎక్కడుందో వాకబు చేస్తాను. తెలిసినా నీకు చెప్పను. ముందు ఆవిడని అడుగుతాను, సరే అంటేనే చెప్తాను.

ఒక్క కోరిక. చచ్చేలోగా నా పేరు పేపర్లో చూసుకోవాలని ఎప్పుడూ అంటాను కదా, మీరిద్దరూ నవ్వుతారు కదా. ఇది మీ పేపర్లో వెయ్యి. టీచరు పేరొద్దు, వీధి వద్దు, మిషను అమ్మాయి ఊసే వద్దు. వీధి పేరు బోర్డు మీద రాసినవాడి పేరు మాత్రం పూర్తిగా వెయ్యి, ఇంటిపేరుతో సహా. ఆ రోజు బోర్డు మీద అదే రాస్తాను.

ఇట్లు,
నీ జవాబు కోసం భయపడుతూ ఎదురుచూసే
నాన్న