శనివారం బస్సుకు ముఖ్య అతిథి

సోమవారం,
వంటిల్లు సర్దుకున్నాక

డబ్బా బాబుగారికి,

హాస్టల్ వంటమనిషి నమస్కారాలు. మీరూ, ఇంట్లో అమ్మగారూ, పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తాను. నా రాత చూసి విసుక్కోకండి. మా ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత చేతికి గరిటె వచ్చింది, కలం రాలేదు. తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి. ఇప్పుడు వేళ్లు కూడా మాట వినడం లేదు. నాలుగు ముక్కలు రాసి, చెయ్యి జాడించుకుని, మళ్లీ రాస్తున్నాను.

మీ అడ్రసు మీ చెల్లెలమ్మ ఇచ్చింది. ఇస్తూనే, మా అన్నయ్య జవాబు రాస్తాడని ఆశపెట్టుకోకు బాబాయ్, సొంత చెల్లెల్ని నాకే దిక్కులేదు అంది. అయినా రాస్తున్నాను.

నన్ను మర్చిపోయి ఉంటే, నేను ముఖ్య అతిథిని.

ఈ ఊళ్లో అప్పుడు చూడ్డానికేముంది చెప్పండి. ఒక సినిమా హాలు, దాని కప్పు కూలి మూతపడింది. ఒక పార్కు, దాని గేటుకు ఎప్పుడూ తాళం. మీరు ముగ్గురూ కాలేజీ వదిలాక ఏం చేస్తారు? శనివారం సాయంత్రం బస్టాండుకు వచ్చేవారు. బస్సు దిగినవాళ్లలో ఎవరూ ఎదురురాని మనిషిని ఒకణ్ణి పట్టుకుని, మహానుభావుడికి చేసినట్టు స్వాగతం చేసేవారు. పాత పరీక్ష కాగితాలతో దండ గుచ్చేది దండబాబు. బిస్కెట్ల రేకు డబ్బా వాయించేది మీరు. బల్ల ఎక్కి ఉపన్యాసం దంచేది స్పీకరుబాబు. ముగ్గురిలో ఎవరూ నవ్వకూడదు. అయ్యాక ఆ మనిషి సామాను ఇంటిదాకా మొయ్యాలి. అదీ మీ ఆట.

పని కోసం నేను ఈ ఊరు వచ్చింది శనివారం కావడం నా ఖర్మో, అదృష్టమో. సంచి చంకన పెట్టుకుని దిగానో లేదో డబ్బా మోగింది. మెళ్లో దండ పడింది. దేశదేశాలు ఎదురుచూస్తున్న మహనీయుడు మన ఊరి దుమ్ములో పాదం మోపాడు అని స్పీకరుబాబు కేక. నేను హడలిపోయి కండక్టరు వెనక దాక్కున్నాను. ఆయన, పోవయ్యా, దండ నీకే, నాకు టైమవుతోంది అని ముందుకు తోశాడు. రెండు మాటలు సెలవియ్యండి సార్ అని మీరు అడిగారు. హాస్టలు ఎటు బాబూ అని తప్ప నా నోట్లోంచి ఇంకేమీ రాలేదు. జనం దానికే చప్పట్లు కొట్టారు.

మర్నాడు మీకు అన్నం వడ్డించిందీ నేనే. ఊళ్లోనే ఇల్లున్నా మీ భోజనం వాళ్లిద్దరితో హాస్టల్లోనే కదా. మీరు పళ్లెం పట్టుకుని, ఒరేయ్ చచ్చాం, ముఖ్య అతిథి రా అన్నారు. అదే నా పేరైపోయింది. పులుసు పలచనైతే, ముఖ్య అతిథిగారూ, ఈ చెరువులో ముక్క ఎక్కడ మునిగిందో గజ ఈతగాణ్ణి దించుతారా అని అడిగేవారు. నేను ఇంకో గరిటె వేసేవాణ్ణి.

ఒక సంగతి మీకు అప్పుడు చెప్పలేదు. ఆ రోజుకి నేను వస్తానని ఎదురుచూసే మనిషి ఈ లోకంలో ఒక్కరు కూడా లేరు. ఆటకే అయితేనేం, ఎవరో ఎదురొచ్చారు.

ఇక ఇక్కడి సంగతులు. దండబాబు పోయారని మీకు తెలిసే ఉంటుంది. హాస్టల్లో పిల్లలు తగ్గిపోయారు. వంట వేరేవాళ్లకి అప్పగించారు. పోనీలే పెద్దాయన అని వెనక గది నాకు వదిలేశారు. స్పీకరుబాబు మన కాలేజీలోనే పాఠాలు చెప్పి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. నా పక్క గదిలోనే ఉంటున్నారు. ఇద్దరికీ నేనే వండుతాను. సాయంత్రం మెట్ల మీద కూర్చుంటే ఆయన మాట్లాడేవారు, నేను ఊ కొట్టేవాణ్ణి. ఆయన ఉపన్యాసాలకి ఇన్నేళ్లూ మిగిలిన జనం నేనొక్కణ్ణే.

ఎండలు మొదలైనప్పటి నుంచి ఆయనకి గొంతు బాగాలేదు. పట్నం పెద్దాసుపత్రిలో ఆపరేషను చేశారు. ప్రాణానికి భయం లేదన్నారట. ఈ శనివారం సాయంత్రం బస్సుకు వస్తున్నారు. నాకు కార్డు రాశారు. గది తుడిపించు, ఎవరికీ చెప్పకు, బస్టాండుకు నువ్వు కూడా రావద్దు అని. మూడే మాటలు. ఆయన అంత తక్కువగా రాయడం నేనెన్నడూ చూడలేదు.

ఎవరూ ఎదురురాకుండా ఆయన దిగుతారు బాబూ. అదే శనివారం బస్సు నుంచి. అది నాకు మింగుడు పడడం లేదు.

ఆయన మీద మీకు కోపం ఉంటుందని తెలుసు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. పట్నంలో పెద్ద వాద్య బృందంలో డ్రమ్ములు వాయించే ఉద్యోగమని వెళ్లారు. వస్తే గెలిచే వస్తానని ఊరంతా చెప్పి వెళ్లారు. శనివారం బస్సు నుంచి ఆఖర్న దిగారు, తల వంచుకుని. అక్కరలేదన్నారని మీ మొహమే చెప్పింది. ఎదురుగా మీ నాన్నగారు దర్జీ కొట్లోంచి మిషను ఆపి చూస్తున్నారు. సరిగ్గా అప్పుడే దండ పడింది. పట్నం మెడలు వంచి వచ్చిన వీరుడా అని స్పీకరుబాబు మొదలుపెట్టారు. జనం ఈలలు వేశారు. దండబాబు మీ డబ్బా మీకే అందించారు.

మీరు దండ తెంపారు. డబ్బా చక్రం కిందకి విసిరారు. నీ నోరు మూతపడిన రోజు వస్తాన్రా, అప్పటిదాకా నీ మొహం చూడను అని, తిరిగి వెళ్లే అదే బస్సు ఎక్కేశారు. మీ నాన్నగారు పిలిచినా దిగలేదు.

తర్వాత నేను అడిగాను, ఎందుకు బాబూ అలా చేశారు, ఆయన ఓడిపోయాడని కనపడుతూనే ఉందిగా అని. కనపడింది కాబట్టే అన్నారు స్పీకరుబాబు. ఎవరూ ఎదురురాని వాడికే కదా మన దండ, ఇవాళ వాడి కంటే ఒంటరివాడు ఆ బస్సులో ఎవడున్నాడు, నవ్వుతాడనుకున్నా అన్నారు. ఎగతాళి అనిపిస్తుందని ఆయనకి తట్టలేదు. ఆటలో అంతగా మునిగిపోయిన మనిషి. అది తప్పు కాదని నేననను. మీ నాన్నగారి ముందు జరిగింది. కానీ ఎక్కిరించడానికి మాత్రం కాదు.

మరుసటి శనివారం డబ్బా లేకుండా ఒకాయనకి దండ వెయ్యబోతే, దొంగలనుకుని ఆయన సంచి వదిలేసి పరుగెత్తాడు. ఆ సంచి పోలీసు స్టేషనులో ఇచ్చి వచ్చారు. ఆట అంతటితో సరి.

డబ్బా నా దగ్గరుంది. రోకలిబండతో కొట్టి సాపు చేశాను. ఇన్నాళ్లూ అందులో అగ్గిపెట్టెలు పెట్టుకున్నాను. శబ్దం కాస్త బొంగురుగా వస్తుంది, కానీ వస్తుంది. దండ నేనే గుచ్చుతున్నాను. సూదిలో దారం ఎక్కించడానికే పొద్దు పోతోంది. ఇప్పటికి మూరెడయింది.

అలసిపోయాను బాబూ. కళ్లు లాగుతున్నాయి. ఎవరినీ ఏదీ అడిగిన అలవాటు లేదు నాకు. ఈ ఒక్కటీ అడుగుతున్నాను. శనివారం రండి.

ఇట్లు,
మీ ముఖ్య అతిథి

తా.క. ఉత్తరం మడిచాక మనసు ఒప్పక మళ్లీ విప్పాను. ఆయన పట్నం వెళ్లేముందే నాకు చెప్పి, ఎవరితోనూ అనొద్దన్న మాట ఇది. ఆపరేషనులో గొంతుపెట్టె తీసేశారు. స్పీకరుబాబు ఇక మాట్లాడరు. అందుకే ఫోను చెయ్యకుండా కార్డు రాశారు. ఆ రోజు మీరన్న మాటను ఆయన ఎన్నడూ తప్పుపట్టలేదు. ఇప్పుడు మీకు గుర్తు చెయ్యాలనీ ఆయనకి లేదు. గుర్తు చేస్తున్నది నేను.

ఉపన్యాసం ఇంకెవరు చెప్తారు? నేనే చెప్పాలి. బల్ల ఎక్కలేను, కింద నిలబడే చెప్తాను. దేశదేశాలు ఎదురుచూస్తున్న మహనీయుడు అనే దాకా వచ్చింది, ఆపైన నోరు తడారిపోతోంది. మీరు డబ్బా వాయిస్తుంటే నా గొంతు వణికినా ఎవరికీ వినపడదు. వస్తున్నారో లేదో ఒక్క ముక్క త్వరగా రాయండి. దండ ఒకటి చాలా, రెండు గుచ్చాలా అని.