కట్టు కింద మిగిలిన బొమ్మ

తాతా,

ఇయ్యాల పెత్రమాస, పోయిన పెద్దలకు బియ్యమిచ్చే దినం. నాయనమ్మ పేరు మీద బియ్యమిచ్చిన. అయ్యగారు నీ పేరడిగితే చెప్పలే.

బంద్ గదా, దిల్‌సుఖ్‌నగర్‌ల మన చీరల షాపు బందువెట్టి, ఇంట్ల నీ సందూక్ దులిపిన. అడుగున రీలు దొరికింది. పెండ్లికి ముందు నాయనమ్మ వేషమేసిన మూకీ సినిమాది. గా సినిమా ఇంకేడ లేదంట. "మన ఇంటి ఆడది తెర మీద ఏడ్సుడేంది?" అని, నువ్వు దాన్ని చుట్టి, రంగుల ముంచే నూలు చిలపకు కట్టినట్టు దారంతోని కట్లు కట్టి, సోడా నీళ్ళల్ల ఉడకబెట్టినవంట. నాయిన చెప్పిండు. బొమ్మలు పోయి రీలు తెల్లగైతే, కట్లు గూడ ఇప్పకుండ దాచినవ్. నాయనమ్మ నోరు తెరిస్తే చూపెట్టి బెదిరియ్యనీకి.

చీరల నూలు కట్టిన చెయ్యి గదా నీది, గట్టిగ కట్టినవ్. కట్టు కింద నూలుకు రంగెక్కనట్టే, రీలుకు సోడా ఎక్కలే. ముడి ఇప్పితే ఒక్క బొమ్మ మిగిలున్నది.

ఎల్బీనగర్ దిక్కుకెల్లి ఊరేగింపు ఒస్తున్నది, అందరు "జై తెలంగాణ" అని అరుస్తున్నరు. కిటికీ కాడ వెలుగుకు పట్టి చూసిన. నాయనమ్మ ఏడుస్తలేదు తాతా. నోరంత తెరిచి ఎవని మీదనో అరుస్తున్నది. నీ ఇంట్ల నేను ఆమె గొంతే ఇనలే.

కొత్త ఫ్రేమ్ కొనలే. నీ ఫోటో తీసేసి అండ్లనే నాయనమ్మ బొమ్మ పెట్టిన.